ప్రమాదం దాటినా ఒళ్ళు వణుకుతుంటే: అర్జునుడి రథం దగ్గర మేం నేర్చుకున్న పాఠం



మన ఆదివారం గీతా తరగతిలో మొదటి అధ్యాయాన్ని ఎప్పుడూ త్వరగానే ముగించేస్తాం. ఏ పక్షాన ఎవరున్నారు, ఎవరి శంఖం పేరేమిటి అన్నది చెప్పుకుని, అసలు బోధ రెండో అధ్యాయంలో ఉందిలే అని ముందుకు వెళ్ళిపోతాం. ఈసారి మాత్రం మేం ఆలుమగలం ఇద్దరం ఒకచోట ఆగిపోయాం. 28 నుంచి 30 వరకు ఉన్న శ్లోకాలవి. ఎదుట నిలిచిన బంధువులను చూడగానే తన శరీరంలో ఏం జరుగుతోందో అర్జునుడు కృష్ణుడికి చెప్పుకునే చోటు. వణుకు, నోరెండటం, విల్లు పట్టు జారటం, ఒళ్ళు మంట, కాళ్ళు నిలవకపోవటం, తల తిరగటం. వేదాంతం మొదలవకముందే అక్కడ ఒక శరీరం కనిపించింది. అచ్చం మా శరీరాల్లాగే ఉంది.

ఆ రోజు తరగతిలో మేం చెప్పింది విని, వార్తాపత్రికలో రాయమని పెద్దలు కోరారు. మేం డాక్టర్లం కాదు. మాకు జరిగినదీ, మా డాక్టరూ కౌన్సెలరూ నేర్పినదీ, తరగతిలో అందరం కలిసి చర్చించుకున్నదీ ఇక్కడ ఒక పాఠంలా రాస్తున్నాం.

మాకు జరిగింది

కార్తీక దీపోత్సవం చూసుకుని రాత్రి ఇంటికి వెళ్తున్నాం. వాన పడుతోంది. ఫ్రీవే మీద పక్క లేన్‌లోని ట్రక్కు మా వైపు జరిగింది. తప్పించబోతే మా మినీవ్యాన్ రెండు చుట్లు తిరిగి రెయిలింగ్‌ను గుద్దుకుని ఆగింది. వెనక సీట్లో ఐదేళ్ళ బాబు. ముగ్గురం నడుచుకుంటూ బయటికి వచ్చాం. సీటు బెల్టు ఒరుసుకున్న చోట కమిలిన గాయాలు తప్ప ఏమీ లేవు. దేవుడి దయ అనుకున్నాం. నిజంగానే దయ. ఇన్సూరెన్స్ డబ్బు వచ్చింది, కొత్త బండి వచ్చింది, అయిపోయింది అనుకున్నాం.

అయిపోలేదు. మూడు వారాల తర్వాత మాలో ఒకరికి ఫ్రీవే ర్యాంపు ఎక్కుతుండగా గుండె దడదడలాడి, వేళ్ళు తిమ్మిరెక్కి, ఊపిరి అందలేదు. గుండెపోటేమోనని ఎమర్జెన్సీ రూమ్‌కి వెళ్ళాం. ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ బాగున్నాయి. "కంగారు వల్ల వచ్చింది, ఇంటికి వెళ్ళండి" అన్నారు. ఎందుకొచ్చిందో, మళ్ళీ వస్తే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. మాలో రెండోవారికి దడ లేదు, కానీ తిన్నది ఒంటబట్టదు. తెల్లవారుజామున మూడింటికి ఉలిక్కిపడి లేవటం, మెడ కొయ్యలా బిగుసుకుపోవటం. బాబేమో బొమ్మకార్లను రోజూ ఒకదానికొకటి గుద్దించి ఆడుకునేవాడు.

ఫోన్‌లో అమ్మ, "దిష్టి తగిలిందిరా, ఉప్పు తిప్పి పడెయ్యండి" అంది. తిప్పాం. మనసుకి కాస్త ఊరట కలిగింది. వాన పడితే వైపర్ల చప్పుడుకి అరచేతుల్లో చెమట మాత్రం ఆగలేదు.

పోపుకి మోగే అలారం

మా కౌన్సెలర్ చెప్పిన విషయాన్ని మన వంటింట్లోకి తెచ్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. అమెరికా వచ్చిన కొత్తలో ఎండుమిరపకాయలతో పోపు పెట్టగానే స్మోక్ అలారం మోగని తెలుగిల్లు ఉండదు. అలారానికి పోపు పొగకీ, ఇల్లు తగలబడే పొగకీ తేడా తెలియదు. అది చెడిపోయి మోగటం లేదు, తన పని తాను చేస్తోంది. కాకపోతే మరీ చిన్న పొగకి మోగుతోంది.

మన మెదడు లోపల బాదంగింజ ఆకారంలో ఎమిగ్డాలా అనే భాగం ఉంది. అపాయాన్ని పసిగట్టడంలో దానిది పెద్ద పాత్ర. అది మోగితే, మనం ఆలోచించుకునే లోపే అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది. పరుగెత్తడానికో పోరాడటానికో శరీరం సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, శ్వాస ఎక్కువవుతుంది, కండరాలు బిగుస్తాయి, చెమట పడుతుంది. అరుగుదల మందగిస్తుంది. లాలాజలం తగ్గి నోరు ఎండుతుంది. శ్వాస మరీ వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతున్నట్టు ఉంటుంది. ఊపిరి అందటం లేదని మనకి అనిపిస్తుంది కానీ, నిజానికి అవసరానికి మించి తీస్తుంటాం.

పెద్ద ప్రమాదం జరిగిన క్షణంలో చుట్టూ ఉన్న చప్పుళ్ళు, వాసనలు, వెలుగులు కూడా ఆ అలారానికి ముడిపడిపోతాయి. మా విషయంలో అవి వైపర్ చప్పుడు, ట్రక్కు హారన్, తడి రోడ్డు మీద ఎర్ర లైట్లు. ఆ తర్వాత అపాయం లేకపోయినా ఆ గుర్తులు కనిపిస్తే చాలు, అలారం మోగుతుంది. ఇది పిరికితనం కాదు, భక్తి తక్కువై వచ్చింది కాదు. గాండీవం ఎత్తిన చేతికే వణుకు వచ్చినప్పుడు మన చేతులకు వస్తే సిగ్గెందుకు?

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. అర్జునుడికి వచ్చింది తన ప్రాణం మీది భయం కాదు, తనవాళ్ళ మీది దుఃఖం. ఆయనకి ఈ జబ్బు ఉందని మేం అనటం లేదు. మనసుకి తగిలిన దెబ్బను శరీరం ముందుగా చెబుతుందని, దాన్ని దాచకుండా పైకి చెప్పుకోవచ్చని ఆ శ్లోకాలు చూపిస్తున్నాయి. మాకు కావలసింది అదే.

ముందు డాక్టర్‌ని కలవాలి

ఛాతీలో నొప్పి లేదా బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమటలు, స్పృహ తప్పటం, మాట తడబడటం, ముఖమో చెయ్యో ఒక పక్కకి వాలటం వంటివి వస్తే "ఇది కంగారే" అని ఇంట్లో తేల్చుకోకూడదు. 911కి ఫోన్ చెయ్యాలి. దక్షిణాసియావారిలో గుండెజబ్బుల ముప్పు ఎక్కువని మనందరికీ తెలుసు. ఆడవారిలో గుండెపోటు ఒక్కోసారి ఆయాసం, వికారం, వీపునొప్పిగానే రావచ్చు.

అది కాదని తేలాక కూడా ఫ్యామిలీ డాక్టర్‌తో థైరాయిడ్, రక్తహీనత వంటివి చూపించుకోవాలి. వాటివల్ల కూడా దడ, నీరసం వస్తాయి. ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. ఈ పరీక్షలన్నీ అయ్యాక "ఏమీ లేదు" అంటే గుండెలో ఏమీ లేదని మాత్రమే అర్థం. మనం ఊహించుకుంటున్నామని కాదు.

అలజడి వచ్చిన నిమిషంలో

ఇలాంటి అలజడి సాధారణంగా పది నిమిషాల లోపే తారస్థాయికి చేరి, తర్వాత నెమ్మదిగా దిగిపోతుంది. ఇది తెలియడమే సగం మందు. ఆ కాసేపు ఏం చెయ్యాలో మేం వరుసగా ఒక కార్డు మీద రాసి బండిలో పెట్టుకున్నాం.

1. పేరు పెట్టడం. "ఇది పోపు అలారం. ఇల్లు తగలబడటం లేదు" అని మెల్లిగా పైకే అనుకుంటాం. దడ ఆగాలని దానితో పోరాడం. పోరాడితే అలారానికి మరో కారణం ఇచ్చినట్టే.

2. ఊపిరి బయటికి. మన పెద్దలు పూరకం, రేచకం అన్నారు కదా. ఇక్కడ రేచకానిదే ముఖ్యమైన పని. గాలి లోపలికి తీసుకున్నప్పుడు గుండె కాస్త వేగంగా, విడిచినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. అందుకని ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ తీసుకుని, ఆరు లెక్కపెడుతూ విడవటం. గుండెల నిండా పెద్దగా పీల్చనక్కర్లేదు. ఐదారు నిమిషాలు చేస్తే తేడా తెలుస్తుంది.

3. కాళ్ళు నేలకి. పాదాలు నేలకి గట్టిగా ఆనించి, కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి చెప్పుకోవటం. మనసు ఆ రాత్రిలోకి వెళ్ళిపోయినప్పుడు ఇంద్రియాల ద్వారా దాన్ని ఈ క్షణానికి తీసుకురావటమే ఇందులో కిటుకు. పర్సులో రెండు యాలకులు ఉంచుకుంటే వాసన, రుచి రెండూ దొరుకుతాయి.

4. బిగించి వదలటం. పిడికిళ్ళు ఐదు సెకన్లు బిగించి వదలాలి. తర్వాత భుజాలు, కడుపు, తొడలు, పాదాలు. ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికన్ డాక్టర్ ఈ పద్ధతి మీద 1929లోనే పుస్తకం రాశారు. యోగనిద్ర చేసేవారికి ఒళ్ళంతా వరసగా గమనించుకుంటూ వెళ్ళే ఈ తీరు కొత్తగా అనిపించదు.

5. ఆగటం. తగ్గే వరకు ఆ చోటనే ఉండటం. బండి నడుపుతున్నప్పుడు వస్తే మాత్రం మొదట ఎగ్జిట్ తీసుకుని క్షేమమైన చోట ఆపాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

చెయ్యకూడనివి కూడా ఉన్నాయి. కాగితపు సంచీలో ఊపిరి పీల్చటం పాత సలహా, ఇప్పుడు వద్దంటున్నారు. దడగా ఉన్నప్పుడు కపాలభాతి, భస్త్రిక వంటి వేగమైన ప్రాణాయామాలు, ఎక్కువసేపు కుంభకం వద్దు. వాటితో లక్షణాలు ఇంకా పెరగవచ్చు. ఇంకో సంగతి: కళ్ళు మూసుకుని ధ్యానంలో కూర్చుంటే కొందరికి ప్రమాదపు దృశ్యాలే ముందుకొస్తాయి. అటువంటప్పుడు కళ్ళు తెరిచి దీపాన్నో, స్వామి పాదాలనో చూస్తూ కూర్చోవచ్చు. అదేమీ తక్కువ ధ్యానం కాదు.

రోజూ చేసుకోవలసింది

అలారం మోగినప్పుడు ఆపటం ఒక పని. అది తేలిగ్గా మోగకుండా చూసుకోవటం ఇంకో పని. ఆరో అధ్యాయం 17వ శ్లోకంలో కృష్ణుడు యోగానికి చెప్పిన అర్హత చూడండి. తిండి, విహారం, పని, నిద్ర, మెలకువ, అన్నీ మితంగా ఉండాలంటాడు. అలజడితో ఉన్న ఒంటికి ఇది అచ్చంగా సరిపోయే సలహా.

మేం మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానేశాం. కెఫీన్ వల్ల వచ్చే దడ, భయం వల్ల వచ్చే దడ శరీరానికి ఒకేలా ఉంటాయి. నిద్రకోసం మద్యం ఆశ్రయిస్తే తెల్లవారుజామున మెలకువ ఇంకా ఎక్కువవుతుంది. రోజూ అరగంట నడక, వీలైనంతవరకు ఒకే వేళకి పడక. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మంచం మీద దొర్లకుండా లేచి, తక్కువ వెలుగులో కూర్చుని, నిద్ర వచ్చాకే మళ్ళీ పడుకోవటం. ఫోన్ చూడకపోవటం అన్నిటికన్నా కష్టమైంది. అదీ నెమ్మదిగా అలవాటైంది.

నామజపం గురించి కూడా చెప్పాలి. 2001లో ఇటలీ పరిశోధకులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. క్రైస్తవుల జపమాల ప్రార్థన, మన వైపు మంత్రజపం, రెండింటిలోనూ పైకి పలికేటప్పుడు శ్వాస దానంతట అదే నిమిషానికి ఆరు దాకా తగ్గి, గుండె లయ కూడా కుదురుకుందని గమనించారు. నామం పలకాలంటే ఊపిరి విడుస్తూనే పలకాలి. అంటే జపం చేసినంతసేపూ రేచకం దానంతట అదే సాగుతుంది. తొందర లేకుండా, పైకి వినిపించేలా పది నిమిషాలు చేస్తే చాలు. లెక్క పూర్తి చెయ్యాలన్న ఆరాటంతో గబగబా చేస్తే మాత్రం ఈ మేలు దక్కదు. జపాన్ని మందుకు బదులుగా పెట్టవద్దు, మందు పక్కన పెట్టుకోండి.

తప్పించుకుంటే పెరుగుతుంది

రెండు నెలలు మేం ఫ్రీవే ఎక్కలేదు. పావుగంట ప్రయాణానికి నలభై నిమిషాలు లోపలి రోడ్ల మీద తిరిగాం. వాన అంటే ఇంట్లోనే. గుడికి రావటం మానేశాం. "దూరమండీ, బాబుకి స్విమ్మింగ్ ఉంది" అని చెప్పేవాళ్ళం. తప్పించుకున్న ప్రతిసారీ హాయిగా ఉండేది. ఆ హాయే ఉచ్చు. "ఫ్రీవే ఎక్కకపోబట్టే బతికాం" అని అలారం నేర్చుకుంటుంది. మరుసటిసారి ఇంకా ముందే మోగుతుంది.

కౌన్సెలర్ మాతో మెట్లు రాయించారు. మొదటి మెట్టు, ఆపిన బండిలో ఇంజన్ ఆన్ చేసి, పొడి అద్దం మీదే వైపర్లు వేసుకుని పది నిమిషాలు కూర్చోవటం. రెండోది, ఖాళీ పార్కింగ్ లాట్‌లో తిరగటం. మూడోది, ఎండ ఉన్న ఆదివారం ఉదయం ఒక్క ఎగ్జిట్ దూరం ఫ్రీవే. తర్వాత మూడు ఎగ్జిట్‌లు. తర్వాత సాయంత్రం. చివరిది వాన. ఒక్కో మెట్టు మీద భయం సగానికి దిగేదాకా ఉండి, రెండు మూడు సార్లు చేశాకే పై మెట్టు. ఒక వారం కింది మెట్టుకి జారిపోయాం. అదీ లెక్కలోదే అన్నారు. ఆరో అధ్యాయం 26వ శ్లోకంలోని ఉపదేశం అదే కదా: మనసు ఎటు పోతే అటునుంచి మళ్ళీ తీసుకురావటం. ఎన్నిసార్లు అని అక్కడ లెక్క చెప్పలేదు.

లక్షణాలు తీవ్రంగా ఉన్నవారు, బండిలో స్పృహ తప్పినట్టు అనిపించేవారు ఈ మెట్లు సొంతంగా ఎక్కవద్దు. వైద్యసాయంతోనే చెయ్యాలి.

ఎప్పుడు, ఎక్కడ సాయం అడగాలి

ప్రమాదం తర్వాత కొన్ని వారాలు ఉలికిపాటు, నిద్రలేమి చాలామందికి వచ్చి, వాటంతట అవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే, లేదా పని, నిద్ర, సంసారం దెబ్బతింటుంటే వైద్యుడిని కలవాలి. దీనికి పీటీఎస్‌డీ అని పేరు. అమెరికన్ మానసిక వైద్యుల అధికారిక జాబితాలో ఇది చేరింది 1980లో. యుద్ధానికి వెళ్ళినవారికే వస్తుందనుకోవటం పొరపాటు. రోడ్డు ప్రమాదం, దోపిడీ, తుపాను, కష్టమైన కాన్పు, ఐసీయూలో గడిపిన రోజులు, ఇంట్లో హింస, ఏదైనా కారణం కావచ్చు.

చికిత్స ఉంది, పనిచేస్తుంది. గాయానికి సంబంధించిన సీబీటీ, మెట్లమెట్లుగా ఎదుర్కొనే ఎక్స్‌పోజర్ థెరపీ, ఈఎండీఆర్ అనే పద్ధతీ బాగా పరీక్షకు నిలిచినవి. సాధారణంగా ఎనిమిది నుంచి పదహారు సిట్టింగ్‌లు పడతాయి. అవసరమైతే డాక్టర్ సెర్ట్రలిన్ వంటి మందు రాస్తారు. అది పనిచేయటానికి కొన్ని వారాలు పడుతుంది, చెప్పకుండా మధ్యలో ఆపకూడదు.

ఈ దేశంలో ఉన్న మనకు ఇంకొన్ని సందేహాలు ఉంటాయి. చాలా ఉద్యోగాల్లో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ కింద కొన్ని కౌన్సెలింగ్ సిట్టింగ్‌లు ఉచితంగా దొరుకుతాయి. అక్కడ మాట్లాడినవి మేనేజర్‌కి చేరవు. గ్రీన్ కార్డు పోతుందేమో అన్న భయంతో మాలో ఒకరం నెల రోజులు ఆగాం. ఇమిగ్రేషన్ వైద్యపరీక్షలో చూసేది జబ్బుతో పాటు తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. ఆందోళనకి చికిత్స తీసుకున్నంత మాత్రాన అడ్డు కాదు. సందేహం ఉంటే మీ లాయర్‌ని అడగండి కానీ, చికిత్స ఆపుకోకండి. ఇంగ్లీషు సరిగ్గా రాని పెద్దవారు ఆస్పత్రిలో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగవచ్చు. పిల్లల చేత అనువాదం చేయించే అవసరం లేదు. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు 14416 నంబరులో టెలీ మానస్ సేవ తెలుగులో ఉచితంగా దొరుకుతుంది.

బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. ఇక్కడ 988కి ఏ వేళనైనా ఫోన్ చెయ్యవచ్చు, మెసేజ్ కూడా పెట్టవచ్చు.

పిల్లలు మాటల్లో చెప్పరు. కడుపునొప్పి అంటారు, పక్క తడుపుతారు, అమ్మ కొంగు వదలరు, జరిగినదే ఆటగా మళ్ళీ మళ్ళీ ఆడతారు. మా బాబు ఆటని మేం మొదట ఆపించేవాళ్ళం. పిల్లల డాక్టర్ సలహా మీద, పక్కన కూర్చుని ఆటలోకి ఒక అంబులెన్స్ తెచ్చాం. అందరూ ఇంటికి చేరే ముగింపు కలిపాం. కొన్ని వారాలకి కార్లు గుద్దుకోవటం మానేశాయి.

పక్కనున్నవారికి సారథి పాఠం

తరగతిలో మమ్మల్ని అన్నిటికన్నా ఆపేసినది ఇది. రెండో అధ్యాయం మొదట్లో కృష్ణుడు అర్జునుణ్ణి మందలిస్తాడు, ఈ బలహీనత వదిలి లేవమంటాడు. మనం ఇంట్లో అనే మాటే కదా: "ధైర్యం తెచ్చుకో". అర్జునుడు లేచాడా? లేవలేదు. యుద్ధం చెయ్యనని చెప్పి మౌనంగా కూర్చున్నాడు. సాక్షాత్తూ భగవంతుడి నోటి నుంచి వచ్చినా ఆ ఒక్క మాటతో వణుకు తగ్గలేదు. అప్పుడు స్వామి విసుక్కోలేదు, రథం దిగిపోలేదు. చిరునవ్వుతో మళ్ళీ మొదలుపెట్టాడు. అర్జునుడు అడిగినదే మళ్ళీ అడిగినా జవాబు చెప్పాడు. అర్జునుడు కుదుటపడి నిలిచానని చెప్పింది పద్దెనిమిదో అధ్యాయం 73వ శ్లోకంలో.

ఇంకొకటి గమనించండి. ఆ మాటలు సాగినంతసేపూ రథం రెండు సేనల మధ్యే ఉంది. సారథి గుర్రాలను వెనక్కి తిప్పి పారిపోలేదు, ముందుకీ ఉరికించలేదు. పగ్గాలు పట్టుకుని అక్కడే ఉన్నాడు. ఇంట్లో ఒకరికి ఇటువంటి బాధ ఉన్నప్పుడు మన పని అదే. "నువ్వు డ్రైవ్ చెయ్యొద్దులే, జీవితాంతం నేనున్నా" అంటే రథాన్ని వెనక్కి తిప్పినట్టు. "ఇంకా ఎన్నాళ్ళు? ఇవాళ ఫ్రీవే మీద వెళ్ళాల్సిందే" అంటే ఉరికించినట్టు. పక్క సీట్లో కూర్చుని "ఒక్క ఎగ్జిట్ వెళ్దాం, తొందరేం లేదు" అనటం సారథ్యం.

మేం ఇది చెప్పాక, తరగతిలో ఎప్పుడూ మాట్లాడని ఒక పిన్నిగారు చెయ్యెత్తారు. ఆవిడది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి పదేళ్ళ పిల్ల. ఇక్కడ మన ఊళ్ళో నెలకోసారి టోర్నడో సైరన్ పరీక్షిస్తారు కదా, ఆ రోజు ఆవిడ చేతులు చల్లబడిపోతాయట. గాలి హోరెత్తితే రాత్రంతా హాల్లో లైట్లు వేసుకుని కూర్చుంటారట. "ఇదొక బాధని, దీనికి వైద్యం ఉంటుందని ఎవరూ చెప్పలేదమ్మా. నాకే గుండె ధైర్యం లేదనుకున్నాను" అన్నారు. పేరు లేకుండా రాయమని ఆవిడే చెప్పారు. పోయిన నెల సైరన్ మోగే రోజున తరగతివాళ్ళం నలుగురం ఆవిడ ఇంట్లో టీ తాగుతూ కూర్చున్నాం. చేతులు చల్లబడ్డాయి. సైరన్ ఆగింది. టీ ఇంకా వేడిగానే ఉంది. ఇప్పుడు ఆవిడ కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నారు.

గుడిలో మనం, ఇంట్లో మనం

కార్యవర్గానికి మా మనవి ఒకటే. దీపావళి బాణసంచా, పెద్ద శబ్దాలు ఉండే కార్యక్రమాల వేళలు ముందుగా బోర్డు మీద పెడదాం. ఇష్టంలేనివారు ఆ పది నిమిషాలు లైబ్రరీ గదిలో కూర్చోవచ్చు. సభ్యులకు ఇంకో మాట. ఎవరికైనా ప్రమాదం జరిగిందని తెలిస్తే "అసలేమైంది, మొత్తం చెప్పండి" అని అడగవద్దు. చెప్పాలనిపించినప్పుడు వాళ్ళే చెబుతారు. ఇంత పులిహోర తీసుకెళ్ళండి, బాబుని క్లాసుకి దింపండి, నెల తర్వాత కూడా ఒకసారి ఫోన్ చెయ్యండి. మొదటి వారం అందరూ వస్తారు. కావలసింది ఆ తర్వాతే.

ఈ మూడు నెలలకి ఇంటి అభ్యాసం:

రోజూ ఐదు నిమిషాలు, ఏ భయమూ లేనప్పుడే, నాలుగు–ఆరు శ్వాస. పోపు పొగ వచ్చాక కిటికీ ఎక్కడుందో వెతకకూడదు.

ఇంట్లో అందరూ కూర్చుని ఒకసారి మాట్లాడుకోండి: మన ఒంట్లో భయం ఎక్కడ తెలుస్తుంది? కడుపులోనా, మెడలోనా, చేతుల్లోనా? పిల్లల్ని కూడా అడగండి. వాళ్ళ జవాబులు పెద్దల జవాబులకన్నా స్పష్టంగా ఉంటాయి.

మీరు తప్పించుకుంటున్నది ఏదైనా ఉంటే, దానికి మొదటి మెట్టు ఒక్కటి రాసుకోండి.

ఇది రాసే వారం మేం వానలో ఫ్రీవే మీదుగా గుడికి వచ్చాం. మధ్యలో ఒకసారి అరచేతులు తడిశాయి. "పోపు" అన్నాం ఇద్దరం ఒకేసారి. వెనక నుంచి బాబు నవ్వాడు. ఎగ్జిట్ తీసుకోలేదు.

వచ్చే ఆదివారం రెండో అధ్యాయం మొదలవుతుంది. అందరూ రండి. ర్యాంపు ఎక్కలేకపోతున్నవారు ఎవరైనా ఉంటే తరగతి వాలంటీర్లకి ఒక్క మాట చెప్పండి. మీ బండిలో పక్క సీట్లో కూర్చుని వస్తాం.

శుభం.